బాలయేసు చిలకపచ్చ కండువా

నా చిన్నప్పుడు కొలతలు తీయడంలో నన్ను మించినవాళ్లు మా గద్వాల వాడలోనే లేరని నా గట్టి నమ్మకం. నాలుగో తరగతి మొత్తంలో చెక్క స్కేలు నా ఒక్కదాని దగ్గరే ఉండేది మరి. ఆ గర్వమే ఒక పండుగకు నా కొంప ముంచబోయింది.

ఆ ఏడు ఎండాకాలం నాకు టైఫాయిడ్ వచ్చి చాలా రోజులు దవాఖానలో పడి ఉన్నాను. మా నాయనమ్మ మంచం పక్కన కూర్చుని జపమాల తిప్పుతూ, పిల్ల లేచి నడిస్తే మరియమాతకు గద్వాల చీర కట్టిస్తానని మొక్కుకుంది. నేను లేచాను, నడిచాను, పక్కవాళ్ల చెట్టెక్కి జామకాయలు దొంగిలించేంత బలం కూడా వచ్చింది. ఇక సెప్టెంబరులో మాత పుట్టినరోజు పండుగకు మొక్కు తీర్చాలి. మా చిన్న గుడిలో మాత విగ్రహం మూడడుగులు. ఎడమ చేతిలో బాలయేసు ఉంటాడు. పండుగ సాయంత్రం ఆ తల్లి తేరెక్కి వాడవాడా తిరుగుతుంది.

చీర నేసింది మా పక్కింటి పెద్దమ్మ. పెద్దనాన్న పోయాక మగ్గం గుంటలో ఆమే కూర్చునేది. వాళ్లు మా గుడికి వచ్చేవాళ్లు కాదు, మేము వాళ్ల గుడికి పోయేవాళ్లం కాదు. కానీ క్రిస్మస్‌కూ దసరాకూ గిన్నెలు మాత్రం గోడ మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. ఆమె నాకో పసుపు దారం ఇచ్చి, విగ్రహానికి పట్టి, కొలత వచ్చిన చోటల్లా ముడి వేసి తెమ్మంది. నేను గుడికి ఉరికాను. భుజం నుంచి పాదం దాకా తీశాను. నడుం చుట్టూ, భుజం మీదుగా తీసేటప్పుడు బాలయేసు అడ్డం వచ్చాడు. దారాన్ని ఆయన కింద నుంచి దూర్చి బిగించి లాగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పండుగ ముందురోజు పొద్దున ఆడవాళ్లంతా మాతకు చీర కట్టడానికి చేరారు. ఆకాశం రంగు నూలు చీర, ఎర్ర పట్టు అంచు. చూసినవాళ్లంతా కళ్లు పెద్దవి చేశారు. కుచ్చిళ్లు చక్కగా కుదిరాయి. పైట దగ్గరికి వచ్చేసరికి చీర అయిపోయింది. బిడ్డ మీదుగా రావాల్సిన కొంగు బిడ్డ దాకా కూడా రాలేదు. తల్లి పెళ్లికూతురిలా ఉంటే, బాలయేసు మాత్రం రంగు రాలిన కాళ్లతో బయటే ఉండిపోయాడు.

"గిదేంది? కొలత ఎవరు తీసిండ్రు?" అంది నాయనమ్మ. తేరు రేపే. నా ప్రాణం కోసం మొక్కిన మొక్కును నేనే చెడగొట్టానని తెలిసి తలుపు వెనక్కి నక్కాను. సిగ్గుతో చచ్చిపోతానేమో అనిపించింది.

పెద్దమ్మ గడప బయటే నిలబడి ఉంది. ఒక్కసారి నా వైపు చూసి అంది: "పిల్ల నేను చెప్పినట్టే కొలిచింది అత్తా. బిడ్డ సంగతి అడుగుడు నేనే మరిచిన. పరేషాన్ గాకు. మగ్గం మీద ఇంక మూరెడు పడుగున్నది. చీరె నీ మొక్కు, బిడ్డ బట్ట నా తరుపున."

ఇంటికి పోగానే నన్ను మగ్గం దగ్గరికి పిలిచింది. నేను వెక్కుతూనే ఉన్నాను.

"తల్లిని కొలిస్తివి, సంకల పిల్లగాన్ని ఇడిస్తివి. ఏడిస్తే బట్ట పెరుగుతదా? ఇట్ల కూసో, అంచు నాడె అందియ్యి."

గద్వాల నేతలో నడిమి నూలు ఒకటి, అంచు పట్టు ఒకటి. రెండింటినీ దారం దారం పట్టి కలపాలి. అందుకే పక్కన కూర్చుని అంచు నాడె, అంటే పట్టు దారం కండె పెట్టిన చెక్క, అందించే మనిషి కావాలి. నేను అందించాను, ఆమె నేసింది. నిలువు పోగుల నీలం పడుగులో అడ్డంగా పసుపు పేక పడేసరికి చిలకపచ్చ తేలింది. ఆ రంగు పుట్టడం చూసి ఏడుపు మరిచిపోయాను. తప్పు నాదైతే నువ్వెందుకు మీదేసుకున్నావని అడిగాను.

"నీది సగం, నాది సగం. సగం సగం కలిపేదే గదా మన పని," అంది నాడె ఆపకుండానే.

పొద్దు వాలకముందే కండువా మగ్గం దిగింది. మరునాడు పూజ అయ్యాక ఫాదర్ పెద్దమ్మను లోపలికి పిలిచి, బిడ్డకు మీరే కప్పండమ్మా అన్నారు. ఆమె చెప్పులు విడిచి, చేతులు కొంగుకు తుడుచుకుని, పసిపిల్లకు కప్పినట్టే మెడ కింద సర్ది కప్పింది.

ఆ సాయంత్రం తేరు మా వాడలోకి వచ్చేసరికి మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నేతవాళ్లంతా అరుగుల మీదికి వచ్చారు. వాళ్ల చూపు తల్లి చీర మీద కన్నా బిడ్డ కండువా మీదే నిలిచింది. డప్పులు మోగుతుంటే మా నాయనమ్మ నా చేయి పైకెత్తి, "నా మనవరాలు నాడె అందించింది!" అని అందరికీ వినబడేలా అరిచింది. నేను నేల మీద నడవలేదు ఆ రోజు. ఆ తర్వాత పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ ప్రతి పండుగకు బాలయేసుకు కొత్త కండువా వచ్చింది.

ఇప్పుడు మాతను ముస్తాబు చేసే పని నాది. పండుగ భోజనాలకు ఇల్లిల్లూ తిరిగి మనుషులను లెక్క రాసేదీ నేనే. ఇంట్లో ఎంతమంది అని అడిగి రాసుకుని ఊరుకోను. గడప దగ్గర ఆగి, "సంకల ఎవరున్నరు?" అని కూడా అడుగుతాను. పాలు తాగే పిల్లకు బువ్వెందుకని నవ్వుతారు. నవ్వనీ. చంకలో ఉన్న బిడ్డకూ నా లెక్కలో ఒక విస్తరి ఉంటుంది.