ఒడిలో తెచ్చిన పచ్చికాయ

ఇన్నేళ్లూ దీన్ని గొంతులో పెట్టుకునే బతికాను. మింగుడు పడలేదు, కక్కనూ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువు. చెప్పవలసిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన దగ్గరకు పోయేముందు ఒకసారి మీ దగ్గర నోరు విప్పుతున్నాను.

నాగలమడిక పక్కన మాకు కొంచెం మెట్ట చేను. మా ఆయన చనిపోయిన ఏడాది, చేను కోరుకు ఇచ్చేసి పంటలో పాలు తీసుకోమని మరుదులు కూర్చోబెట్టి చెప్పారు. ఆడది సేద్యం చేస్తే ఊరు నవ్వుతుందట. నవ్వనీ అన్నాను. అన్నానే గానీ నాకు ఎద్దులు లేవు. పక్క చేను ఓబులప్ప మామ అడగకుండానే తన జతను తోలుకొచ్చి, దున్ని, చెనక్కాయ విత్తిపెట్టాడు. కూలి తీసుకోలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. సర్కారు పరిహారం ఇవ్వాలంటే ముందు పంట తూచాలి. చీటీ వేసి ఒక చేను తీస్తారు. అందులో తాడుతో చదరం కొలిచి, చెట్లు పీకి, కాయ తూస్తారు. ఆ తూకం తక్కువ వస్తేనే ఊరందరికీ పరిహారం. మా ఊరికి చీటీలో నా చేను వచ్చింది. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేదు.

ఊరంతా గట్టు మీద నిలబడింది. మరుదులూ వచ్చారు. చెట్టుకు రెండు కాయలుంటే ఎక్కువ. ఆ చిన్న కుప్ప ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? బావి పక్కన బిందెలతో నీళ్లు పోసి బతికించుకున్న సాళ్లు కొన్ని ఉండేవి. వాటి కాయలు పొద్దున్నే కోసి ఒడిలో కట్టుకునే వచ్చాను. ఆఫీసర్లు మజ్జిగ తాగుతుండగా, మన్ను దులుపుతున్నట్టు కుప్ప దగ్గర కూర్చుని ఒడి విప్పాను.

పర్వాలేదే, బాగానే కాసిందన్నాడు తూచినాయన. మరుదుల మొహాలు మాడిపోయాయి. అప్పుడు నా సంతోషం చూడాలి! ఎంత సిగ్గులేని సంతోషం అది.

ఊరికి పరిహారం రాలేదు. మేతకు గతిలేక ఓబులప్ప మామ ఎద్దులను సంతకు తోలాడు. నా చేను దున్నిన ఎద్దులనే. పోతూ నా వాకిట ఆగాడు.

“నిజం చెప్పమ్మా, నీ చేన్లో అంత కాయ యాడిది?”

“నా కష్టం నాది మామా. మీ చేన్లో కాయకుంటే నేనేం చేసేది?”

“కానీలే. సేద్యం నేర్చుకున్నావు” అని పగ్గం పట్టుకుని కదిలాడు.

కోప్పడి ఉంటే బాగుండేది. ఆ తర్వాత కూలికి పోతూ కూడా నలుగురిలో నా సేద్యాన్ని మెచ్చుకున్నాడు. నమ్మి మెచ్చుకున్నాడా? తెలిసే నా పరువు కాచాడా? అడిగే ధైర్యం లేక, ఆయన ఎదురైతే దారి మార్చుకునేదాన్ని.

ఈసారి తొలకరి బాగా పడింది. మామ కొడుకు బెంగళూరులో సంపాదించి ఎద్దులు కొన్నాడు. నిన్న మామ వచ్చి, పొద్దున ముందు నీ చేనే దున్నుతాము, విత్తనం సిద్ధం చేసుకో అని చెప్పి పోయాడు. ముందు నా చేనట!

ఆ ఎద్దుల కాలు నా చేన్లో పడకముందే చెప్పాలి. మరుదులు ఉంటే వాళ్లూ విననీ. మామ ఎద్దులను మళ్లించుకుని వెళ్లిపోవచ్చు. పదును ఆరిపోయి చేను బీడు పడవచ్చు. పడనీ. క్షమించమని మాత్రం అడగను. అడిగితే ఆయన కాదనలేడు, ఆ మంచితనాన్ని మళ్లీ వాడుకున్నదాన్నవుతాను.

మీకు చెప్పేసరికి నోరు తిరిగింది. తెల్లవారింది, పోతున్నాను. విత్తనం మూట ఇంట్లోనే ఉంచాను. ఆయన తెమ్మంటే అప్పుడు వచ్చి తెచ్చుకుంటాను.