మేనల్లుడి బండికి గట్టి నేత

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే ప్రతివాడూ చెరువులో ఈదిన ఈతల గురించో, బడిలో తిన్న దెబ్బల గురించో చెబుతాడు. నాకు అలాంటివి లేవు. పాలు మరిచిన నాలుగేళ్లకు సిరిసిల్లలో సాంచల షెడ్డులో (మరమగ్గాలను మేము సాంచలంటాం) దూరినవాణ్ని. ఈత రాదు, బడి తెలియదు. నా కుర్రతనం ఎక్కడో దారి తప్పి, తల పూర్తిగా నెరిశాక, నడుము నొప్పిని వెంటబెట్టుకుని వచ్చింది. అక్షరాలు దానికి కొంచెం ముందు వచ్చాయి, మా బిడ్డ దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. కాబట్టి ఆ రోజుల్లో అని నేనంటే మొన్నమొన్నటి రోజులని అర్థం చేసుకోండి. అప్పటికే నేను ముసలివాణ్ని. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప.

మా అక్క కొడుకు దుబాయిలో పని చేస్తాడు. సెలవు మీద వచ్చినప్పుడు నీలం రంగు స్పోర్ట్స్ బండి ఒకటి కొన్నాడు. దాని మీద ఎక్కితే కూర్చున్నట్టు ఉండదు, కింద పడిపోయిన సూదిని వంగి వెతుకుతున్నట్టు ఉంటుంది. సెలవు అయిపోయేదాకా దాన్ని ఊరి చుట్టూ తిప్పి, పోయే రోజు తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"మామా, వారానికోసారన్న తియ్యి. ఊకె నిలవెడితే పాడైతది."

"మోపెడు నడిపినోన్ని అల్లుడా, గీ గుర్రం నాకెందుకురా?"

"గుర్రం కాదు, గాడిదనే అనుకో. నిన్ను తప్పితే నేను ఎవల్ని నమ్ముత మామా?"

నమ్మకం అన్న మాట చాలా చెడ్డది. పొగడ్త కన్నా తొందరగా మనిషిని చెడగొడుతుంది. నాలుగు వారాలు తిరగకముందే నేను నల్ల కళ్లద్దాలు కొనుక్కున్నాను.

ఇంతలో కోరుట్లలో వాడికి ఒక సంబంధం కుదరబోయి ఆగింది. ఫోనులో మాట్లాడుకున్నారు, పిల్లకు వీడు నచ్చాడు, వీడికి పిల్ల నచ్చింది. పిల్ల తండ్రికి నచ్చనిది బండి ఒక్కటే. "గసొంటి బండ్లమీద పోరగాండ్లు గాలిల తేలిపోతరు. నా బిడ్డను గాలిల కూసోవెట్టి పంపియ్య. బండి అమ్మితేనే మాట" అని తేల్చి చెప్పాడట. మావాడు దుబాయి నుంచి ఏడుపు గొంతుతో ఫోను చేశాడు. "మామా, నువ్వే పోవాలె. బండి తీస్కపో. మెల్లగ నడిపి ఆయనకు సూపెట్టు. మంచి బండని నమ్మాలె. అమ్ముతమని మాత్రం అనకు." పిల్లా కావాలి, బండీ కావాలి. రెండూ నా నడుము మీద పెట్టాడు.

సరే, కోరుట్ల ప్రయాణానికి ముందు చెయ్యి బాగా కుదరాలని జగిత్యాల దాకా పోయాను. కంకర టిప్పరు వెనక పోతుంటే టప్పుమని ఒక రాయి వచ్చి బండి ఛాతీకి తగిలింది. జగిత్యాలలో బండి సామాన్లు అమ్మే దుకాణం ముందు ఆపితే, దుకాణపాయన వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. ముందు చక్రం వెనక దువ్వెన పళ్లలాంటి రేకులున్న పెట్టె ఒకటుంది, ఇంజను వేడిని చల్లార్చే నీళ్లు అందులో తిరుగుతాయి, దాన్నే రేడియేటరు అంటారు.

"రేకులు వంగినయ్ కాకా. ఇంకో రాయి తాకితే బొక్కవడ్తది, నీళ్లన్ని కారిపోతయ్. ముంగట గార్డు ఏపిచ్చుకో."

రెండు గార్డులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తేనెపట్టులా కన్నాలున్నది, ఇంకొకటి అడ్డంగా చీలికలున్నది. నేను జేబులోంచి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీశాను. (సాంచలు మానేసి ఏళ్లయినా ఆ అద్దం నా జేబు వదల్లేదు. పెళ్లిళ్లలో కూడా ఎదుటివాళ్ల చీర కొంగు పట్టుకోబోయి మా ఆమెతో తిట్లు తిన్నవాణ్ని.)

"గిదేం నేత?" అన్నాను.

"నేత కాదు కాకా, గార్డు."

"నా చిటికెనేలు దూరుతున్నది. రాయి దూరదా?"

"సన్నయి దూరితే దూరుతయ్. గాలి పోవాలె గద."

"గాలా! గాలి తాకి ఏదన్న బాగుపడంగ సూసినవా నువ్వు?"

నా మాటలో తప్పు లేదు, మా షెడ్డు లెక్కన. పొడి గాలి తగిలితే పోగు తెగుతుంది. అందుకని ఎండాకాలంలో కూడా కిటికీలు మూసుకుని, చెమటలో ఉడుకుతూ నేసినవాళ్లం. గాలిని బయట నిలబెట్టడమే నా జీవితమంతా నేను చేసిన పని. అలాంటివాడికి గాలి కోసం కన్నాలున్న సరుకు అమ్మబోయాడు ఆయన.

"కాకా, గిది సాంచ కాదు, ఇంజను."

"నీ వయసంత కాలం నేను పోగులే లెక్కవెట్టిన. పల్చన సరుకు నాకు అంటగట్టకు" అని లేచి వచ్చేశాను.

సిరిసిల్లలో గ్రిల్లులు చేసే వెల్డింగు షాపాయన ఒకప్పుడు నా పక్క సాంచ మీద పనిచేసినవాడే. అతను దోమల జాలీ చూపించాడు. అద్దం పెట్టి చూసి పల్చన అన్నాను. పిండి జల్లెడకు వేసే స్టీలు జాలీ చూపించాడు. అది కొంత నయం. ఒక పొర మీద ఇంకొక పొరను కాస్త పక్కకు జరిపి పెట్టించాను, దీని కన్నాలకు దాని తీగలు అడ్డం వచ్చేటట్టు. పడుగు, పేక ఎక్కడా వంకర పోలేదు. ఎండకు ఎత్తి పట్టి చూశాను. వెలుగు దూరలేదు.

"అన్నా, గిండ్లకెల్లి గాలెట్ల పోతదే?" అన్నాడు అతను భయంభయంగా.

"సూర్యుడే దూరలేదు, రాయేం దూరుతది? బిగియ్యి."

బిగించాక ఫొటో తీసి దుబాయికి పంపాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. (డ్యూటీలో ఉండి ఫొటో తెరవకుండానే వేలు నొక్కానని తర్వాత ఒట్టు వేశాడు.)

మంచి రోజు చూసుకుని పొద్దున్నే కోరుట్లకు బయలుదేరాం. మా ఆమె వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో నా భుజం, ఒక చేత్తో మిఠాయి డబ్బా పట్టుకుంది. "తొవ్వల ఎవలన్న సూస్తే సర్కసోల్లు అనుకుంటరు" అంది. వేములవాడ ఇంకా రాకముందే బండి లోపల ఫ్యాను ఊళ పెట్టింది, మీటరులో ఎర్ర దీపం వెలిగింది. ఎర్ర దీపం వెలిగితే ఆపి చల్లారేదాకా ముట్టద్దని మావాడు చెప్పి ఉన్నాడు. మక్కచేను పక్కన ఆపాను. "కొత్త గార్డు గద, బండికి అలవాటు కావాలె" అని ఆమెకు ధైర్యం చెప్పాను. ఆమె చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుని అటుకుల చుడువ పొట్లం విప్పింది.

చల్లారింది, ఎక్కాం. మళ్లీ దీపం, మళ్లీ దిగాం. వేగం తగ్గిస్తే వేడెక్కదని సైకిలంత నెమ్మదిగా నడిపాను. గడ్డి ట్రాక్టరు దాటిపోయింది. మేము ఆగి చుడువ తింటుంటే ఒక గొర్ల మంద దాటిపోయింది. మేము మందను దాటాం, మళ్లీ ఆగాం, మంద మమ్మల్ని దాటింది. "గొర్లాయన మనకు చుట్టమైతుండు" అంది మా ఆమె. రుద్రంగిలో ఆగినప్పుడు చాయ్ తాగుతూ బండి వైపు జాలిగా చూసి, "ఏమయ్యా, దీనికి బీపీ ఉన్నట్టున్నది" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ బండి కాలిపోతే వాడికి ముఖం ఎలా చూపించాలి, సంబంధం చెడిపోతే మా అక్కకు ఏం చెప్పాలి అని లోపల ఉడుకుతున్నాను. లోపల ఉడకడంలో నేనూ బండీ ఒకటే ఆ రోజు.

భోజనాల వేళ దాటాక కోరుట్లలో వాళ్ల ఇంటి ముందు ఆపేసరికి బండి ముక్కులోంచి పొగ, కింద ఆకుపచ్చ నీళ్ల ధార. పిల్ల తండ్రి అరుగు మీద నిలబడి ఉన్నాడు. బండి గర్జించుకుంటూ వస్తుంది, వచ్చీరాగానే కడిగేద్దామని పొద్దుట్నుంచి మాటలు కూడబెట్టుకున్నాడట. ఆయన ముఖం చూస్తే ఆ మాటలు ఎక్కడ పెట్టాడో మరిచిపోయినట్టుంది.

"సిరిసిల్ల నుంచి ఎప్పుడెల్లిండ్రే?"

"పొద్దుగాలనే" అన్నాను.

"బస్సుకు రెండు గంటలు గూడ పట్టది గద!" బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "గింతకు మించి పోదా ఇది?"

బండి పరువు కాపాడదామని నోరు తెరిచాను. మా ఆమె నా చెయ్యి గిచ్చింది, చొక్కా మీది నుంచే.

"గింతేనన్నా" అంది. "కొంచెం పోవుడు, కొంచెం కూసునుడు."

ఆయన ముఖంలో మబ్బు విడిపోయింది. "మా నాయిన ఎడ్లబండి గూడ గింత నిమ్మలంగ పోకపోతుండె" అని నవ్వాడు. నేనూ ఊరుకోక, జాలీ నా చేత్తో దగ్గరుండి చేయించిందేనని, అది పెట్టినప్పటి నుంచే బండి నెమ్మదించిందని చెప్పి అద్దం తీసి చూపించాను. చెంబుతో నీళ్లు తెచ్చిన పిల్ల వంగి ఆ జాలీ చూసింది, నన్ను చూసింది, వాళ్ల నాయిన్ను చూసింది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి పోయింది. ఒక్క మాట అనలేదు. తెలివైన పిల్ల అని అప్పుడే అనుకున్నాను. ఎందుకు తెలివైనదో తర్వాత తెలిసింది.

అందరం కలిసి తిన్నాక, చేతులు కడుక్కుంటూ పిల్ల తండ్రి మాట ఇచ్చాడు. "బండి అమ్మద్దు, ఏం అద్దు. గా జాలీ మాత్రం తియ్యద్దు."

మావాడు సెలవు మీద వచ్చి బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. "మామా, దీని మూతికి గుడ్డ కట్టినవ్ గదనే! ఊపిరెట్ల తీస్కుంటది?" అని తల పట్టుకున్నాడు. జగిత్యాల పోయి, నేను తిట్టి వచ్చిన ఆ తేనెపట్టు గార్డే తెచ్చి బిగించుకున్నాడు. పెళ్లయింది. కానీ మాట మాటే. అత్తగారింటికి పోయినప్పుడల్లా కోరుట్ల పొలిమేరలో బండి ఆపి, పెళ్లాం మరలు పట్టుకుంటే, నా జాలీ బిగించుకుని, ఎద్దులా నెమ్మదిగా ఇంటి ముందు దిగేవాడు. వచ్చేటప్పుడు మళ్లీ అక్కడే విప్పేవాడు. మా వియ్యంకుడు ఇప్పటికీ ఊళ్లో అందరికీ చెబుతాడు, అల్లుడంటే అట్లుండాలె అని.

వాడు మళ్లీ దుబాయి పోయాడు. తాళంచెవి మళ్లీ నా జేబులో, అద్దం పక్కనే ఉంది. ఇప్పుడు గాలి ఆడుతోంది, ఎర్ర దీపం వెలగదు. కోరుట్ల చిటికెలో వచ్చేస్తుంది. ఇవాళ పొద్దున్నే అటుక మీది జాలీ దించి దుమ్ము తుడిచి, అద్దం పెట్టి చూశాను. ఎవరెన్ని అన్నా నేత మాత్రం నేతే. ఎక్కడా పోగు తప్పలేదు. సాంచల చప్పుడులో కాపురం చేసినవాళ్లం మేము. ఉప్పు కావాలన్నా అరిచి అడగాలి. మక్కచేను పక్కన, ఏ చప్పుడూ లేకుండా, ఇద్దరం ఒక పొట్లంలో చెయ్యి పెట్టి కూర్చున్నది ఆ ఒక్క రోజే. అప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు, బండి వేడి చూసుకుంటూ ఉండిపోయాను.

"రేపు కోరుట్లకు పోదామంటివి గదా" అంది మా ఆమె వెనక నుంచి. "గా జాలీ వెట్టు."

"ఎందుకే? పొలిమేరల పెడితే సాలదా? ఇక్కడ్నే పెడితే బండి ఉడుకుతది."

"ఉడుకనీ. రుద్రంగిల చాయ్ తాగక శాన దినాలైంది."

మరలు బిగించే పనిముట్టు ఎక్కడ పెట్టానో, పొద్దుట్నుంచి వెతుకుతున్నాను.