ఊరిపెద్ద నోట మా మామ మాట

యుద్ధం రోజుల్లో మదనపల్లెలో గుమాస్తాగా ఉంటూ నాటకాలు రాసేవాణ్ణి. అప్పట్లో మా నాటకాలకు ఒక పద్ధతి ఉండేది. ఊరిపెద్ద పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. మా సీమ మాట పాలేరు నోట మాత్రమే వస్తుంది, అది రాగానే జనం నవ్వాలి.

నేనూ ఆ దారే పట్టాను. పిల్లనిచ్చిన మామది కుప్పం పక్క పల్లె. మా ఇంటికొచ్చి ఉన్నప్పుడు ఎద్దుల గురించీ చెరుకు గానుగ గురించీ ఆయన చెప్పే కబుర్లలో అరవమూ కన్నడమూ దొర్లుతుండేవి. ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు పాలేరుకు పెట్టాను. పైగా ఆట చూడమని ఆయన్ను ముందు వరసలో కూర్చోబెట్టాను. జనం విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడనే అనుకున్నాను.

ఇంటికి వచ్చాక నా భార్య మెల్లగా అంది: "నవ్వించేదానికి మీకు మా నాయన మాటలే దొరికినాయా?"

మర్నాటి నుంచి మామ నాతో "భోజనం చేసితిరా", "వెళ్ళి వచ్చెదను" అంటూ ఒక్కో పదం ఏరుకుని మాట్లాడసాగాడు. ఎద్దుల కబుర్లు ఆగిపోయాయి. తప్పయిందని చెప్పడానికి నాకు అహం అడ్డొచ్చింది. నాటకమంటే అంతేనని సర్దిచెప్పుకుంటూ నెలలు గడిపాను.

పుంగనూరు నుంచి అదే నాటకానికి పిలుపు వచ్చింది. ఈసారి ఆ మాటలు పాలేరు దగ్గర తీసి ఊరిపెద్దకు ఇచ్చాను. ఆ పెద్ద తన కొడుకులిద్దరికీ పొలం పంచే ఘట్టం మొత్తం మామ మాటల్లోనే తిరగరాశాను. ఊరిపెద్ద వేషం కట్టే బట్టల వ్యాపారి మొండికేశాడు.

"యాలప్పా ఇది? జరీ పంచె కట్టించి నెత్తిన గడ్డిమోపు పెట్టినట్టుండాది," అన్నాడు. బతిమాలి ఒప్పించాను. ఆట రోజున మామనూ నా భార్యనూ బండిలో పుంగనూరు తీసుకెళ్ళాను.

ఆట మొదట్లో ఒకరిద్దరు నవ్వారు. పొలం పంచే చోటికి వచ్చేసరికి అంతా సద్దుమణిగింది. తెర పక్కనుంచి మామనే చూస్తున్నాను. తల వంచుకుని వింటున్నాడు. కోపమో ఏమో తెలియలేదు.

ఆట అయ్యాక తెర వెనక్కి వచ్చాడు. క్షమించమని అడగబోయాను. నోరు తెరవనివ్వలేదు.

"ఏమప్పా, మీ పెద్దాయన సేసింది న్యాయం కాదు. బాయికాడ మడి సిన్నోడికి ఇయ్యల్ల. వాడికి పిల్లోళ్లు ఎక్కువుండారు."

ఆ మడి నేను కల్పించిందే కదా మామా అన్నాను.

"అయితే ఏమి? ఆయప్ప యాడుండాడు, నేనే అడుగుతా."

ముఖం రంగు తుడుచుకుంటున్న వ్యాపారి ఎదుట చతికిలబడి వాదన మొదలుపెట్టాడు. నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా బండి బయలుదేరడానికి చాలాసేపు పట్టింది.