అన్నీ ఆపాక మెరిసిన చుక్క

ఇందాక ఫ్రిజ్ ఒక్కసారి వణికి ఆగిపోయింది. చల్లదనం సరిపోతే దానంతటదే ఆగుతుంది, రోజూ జరిగేదే. అయినా ఇంట్లో ఆ నిశ్శబ్దం పడగానే నా కళ్లు గుమ్మం పక్కనున్న మీటరు వైపు పోతాయి. ఈ జబ్బు నాకు అంటించింది ఫాతిమా టీచరుగారు. మార్టూరులో మేం అద్దెకున్న వరసలో పక్కిల్లు ఆవిడది. సైన్సు చెప్పి రిటైరయ్యారు, భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. రాళ్లు పాలిష్ పట్టే షెడ్ల నుంచి తెల్లటి పొడి వచ్చి మా అందరి గడపల మీదా పడేది గానీ, ఆవిడ మీటరు అద్దం మీద మాత్రం నిలిచేది కాదు. రోజూ కొంగుతో తుడిచేవారు. కరెంటు దగ్గర అంత పట్టింపేమిటని వీధిలో వాళ్లు ఆవిడను పిసినారి అనేవారు. నేనూ అన్నాను, దాచుకోవడమెందుకు.

మా ఇంట్లో కరెంటు ఎక్కువ కాలుతోందని ఒకరోజు నేనే ఆవిడను పిలిచాను. ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే చిన్న మీటరు ఒకటి పట్టుకొచ్చి, డాక్టరు నాడి చూసినట్టు ఒక్కో వస్తువునూ చూశారు. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందని, అందుకే అది ఆగకుండా ఆడుతోందని చెప్పారు. రిమోట్‌తో ఆపేసిన టీవీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అంకె సున్నాకు రాలేదు.

“పడుకుందనుకున్నావా అమ్మాయ్? కళ్లు మూసుకుని తాగుతోంది,” అన్నారు.

“పట్టపగలు అలా భయపెట్టకండి టీచరుగారూ,” అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాతి ఆదివారం ముసురు పట్టింది. షెడ్లకు సెలవు కాబట్టి వీధంతా మూగపోయినట్టుంది. మధ్యాహ్నం ఆవిడ వచ్చి ఇంట్లో అన్నీ ఆపించారు, ప్లగ్గులన్నీ పీకించారు. “ఇప్పుడు మీటర్లో ఆ ఎర్ర చుక్క మెరవకూడదు. కరెంటు వాడితేనే అది మెరిసేది,” అన్నారు. ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. ఆవిడ పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెడుతున్నారు. ఇరవై దాకా వచ్చేసరికి చుక్క మెరిసింది. మళ్లీ ఇరవై. మళ్లీ మెరిసింది. ఎవరో లోపల కూర్చుని తీరిగ్గా రెప్ప వేస్తున్నట్టు. ఇంట్లో ఏదీ నడవడం లేదు. మరి తాగుతున్నదెవరు?

“మీటరే చెడిందేమోనండీ,” అన్నాను.

టీచరుగారి మొహం పాలిపోయింది. చెయ్యి చాచి మెయిన్ కిందికి దించేశారు. “మీ అత్తగారేరీ?” అన్నారు. అంత మెల్లగా అడిగిన ప్రశ్న నేనింకెప్పుడూ వినలేదు.

పెరటి వసారాకు పరిగెత్తాం. అత్తయ్య తడి చీర భుజాన వేసుకుని దండెం దగ్గర నిలబడి ఉంది. ఒక చెయ్యి తీగ మీదే ఉంది.

“పొద్దుట్నుంచీ ఈ తీగ చురుక్కుమంటా ఉంది సుజాతా. చీమలేమో అనుకున్నా,” అంది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. మోటారు స్విచ్‌కు వెళ్లే వైరు వసారా రేకు కింద నలిగి, దండెం కట్టిన ఇనప కమ్మీకి ఆనుకుని ఉంది. మోటారు ఆపినా ఆ వైరులో కరెంటు ఉంటుందట. అతను వెళ్లాక టీచరుగారు మా గడప మీద కూర్చున్నారు. నేనిచ్చిన టీ ముట్టుకోలేదు.

“మా ఆయన పోయిన రోజూ ఇలాగే అన్నీ ఆపి చూశాను. ఇలాగే మెరిసింది. సైన్సు టీచర్ని కదా, మీటరే తప్పని తేల్చేశాను. ఒకసారి మెయిన్ తీసి వేస్తే అదే సర్దుకుంటుందిలే అనుకున్నా. తీశాను. ఆ కాసేపట్లోనే ఆయన తువ్వాలు ఆరేద్దామని తీగ పట్టుకున్నారు. ఎక్కడున్నారండీ అని ఒక్క పిలుపు పిలవలేదమ్మాయ్. మళ్లీ మెయిన్ వేసేశాను.”

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. పిసినారి అన్న నా నోటిని నేనే తిట్టుకున్నాను.

టీచరుగారు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది. కరెంటు ఎక్కడైనా లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్ పెట్టించాను. అయినా నెలకో ఆదివారం అన్నీ ఆపి మీటరు ముందు నిలబడతాను. చివర ఆ స్విచ్‌కున్న టెస్ట్ బటన్ నొక్కి, పడుతుందో లేదో చూస్తాను. మళ్లీ పైకెత్తే ముందు ఇంట్లో ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలుస్తాను. పిల్లలు నవ్వుకుంటూ పలుకుతారు. అత్తయ్యకు ఈమధ్య చెవుడు, రెండుమూడుసార్లు పిలిస్తే గానీ పలకదు. ఆ కాసేపూ నా వేళ్లు స్విచ్ మీద బిగుసుకుపోయి ఉంటాయి. చివరికి పెరట్లోంచి గట్టిగా అరుస్తుంది:

“బతికే ఉన్నానే తల్లీ, వెయ్యి!”