మరియమ్మ చేలో ఆకు అచ్చు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, నవంబరు నెల. అద్దంకి పక్క ఒక పల్లెలో మరియమ్మ అనే కౌలు రైతు ఎకరన్నర మిరప వేసింది. కాలువ నీళ్ళు చివరి చేలదాకా రాలేదు. పూత మీదున్న తోట వాడుముఖం పట్టింది. ఈ ఏడు పంట పోతే చేను వేరేవాళ్ళకిచ్చేస్తానని ఆసామి ముందే చెప్పాడు. భూగర్భ జలాలు వెతకడం నా ఉద్యోగం కాబట్టి, బోరు వేస్తే నీళ్ళు పడతాయో లేదో చూసి చెప్పమని ఆమె నన్ను పిలిచింది.

చేలో ఒక పాత బావి ఎండిపోయి ఉంది. దిగి చూస్తే పైనుంచి అడుగుదాకా పొరలు పొరలుగా షేల్, అంటే బురద గట్టిపడి అయిన రాయి. సుత్తితో ఒక పలక చీలిస్తే లోపల ఆకు అచ్చు, ఈనెలతో సహా. దాన్ని పైకి తెచ్చి, గట్టు మీదున్న మరియమ్మ చేతికిచ్చాను. రాయి దొరికితే నా నోరు ఆగదు. మా ఇంట్లోవాళ్ళు విని విని విసిగిపోయారు గనుక, బయట వినేవాళ్ళు దొరికితే అస్సలు వదలను.

“ఇది కోట్ల ఏళ్ళనాటి ఆకమ్మా. దీన్ని ఫాసిల్ అంటారు. ఎక్కడా చిరగలేదు చూడు. అంటే ఇక్కడ నీళ్ళు ఉరవడిగా పారేవి కావు, నిలిచి ఉండేవి. దగ్గర్లో చెట్లుండేవి. ఒండ్రు మెల్లగా దిగి ఈ ఆకును కప్పేసింది.”

మరియమ్మ కొంగుతో పలక తుడిచింది. “మా చేలోనా సార్? అన్ని నీళ్ళా?”

“కనుచూపు మేర నీళ్ళే.”

ఆమె మొహం విప్పారింది. రాయిని చూసి మురిసిపోతోందనుకున్నాను. శాండ్‌స్టోన్ అయితే ఇసుక గింజల సందుల్లో నీళ్ళు దాగుతాయి. ఈ బురద రాయిలో ఆ సందులు లేనట్టే. ‘బోరుకు అనువు కాదు’ అని ఆఫీసుకెళ్ళి రిపోర్టులో రాశాను, అదీ ఇంగ్లీషులో. ఆమెకు నోటితో చెప్పలేదు. రిపోర్టు చేరేలోపే ఆమె పాడి గేదెను అమ్మేసి బోరు లారీని పిలిపించింది.

ఫోనొస్తే వెళ్ళాను. బోరులోంచి పైకొచ్చే రాతిపొడిని కటింగ్స్ అంటారు. దింపిన ప్రతి రాడ్డుకూ ఒక కుప్ప పోసి పెట్టారు. అన్నీ ఒకే బూడిద రంగు. చిటికెడు తీసి పంటికింద నలిపాను. ఇసుక ఉంటే కరకరలాడుతుంది. ఆఖరి కుప్ప కూడా పిండిలా మెత్తగా నాలుకకు అంటుకుంది.

“ఇంకో నాలుగు రాడ్లు దింపమంటారా సార్?” అంది మరియమ్మ.

“వద్దమ్మా. పడవు.”

“అన్ని నీళ్ళుండేయన్నారుగా. ఎటు పోయినయ్ సార్?”

కోపంతో అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆ నీళ్ళెప్పుడో పోయాయని, వాటి బురదే ఈ రాయిగా మిగిలిందని చెప్పాను. బావి గట్టు మీదే చెప్పాల్సిన మాట అది.

“నేనింకా అడుగున ఉన్నాయనుకున్నానండి,” అంటూ కుప్పల పక్కనే కూలబడింది.

పూతంతా రాలిపోయింది. ఆసామి అన్నంత పనీ చేశాడు.

మిరప కోతలప్పుడు అటు వెళ్తే, ఆమె వేరేవాళ్ళ తోటలో కూలికి కాయ కోస్తూ కనిపించింది. తప్పు నాదేనన్నాను.

“మీరేం చేస్తారు సార్, నేనే తొందరపడ్డా,” అని నన్నే ఓదార్చింది.

ఇప్పుడు ఏ చేలోకెళ్ళినా ముందు నీళ్ళు పడతాయో పడవో చెప్పేస్తాను. పాత నీళ్ళ కథలు ఎవరైనా అడిగితేనే చెబుతాను. ఆ జాగ్రత్త వల్ల మరియమ్మకు ఒరిగిందేమీ లేదు. ఆ రోజు ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.