గంగమ్మ కథకు వంత పాడినవాళ్ళు

తవిటయ్యకు పరువు పిచ్చి. ఆ పిచ్చే చివరికి అతని కొంప ముంచింది.

అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ అతను. యూనిఫాం విప్పితే తప్పెటగుళ్ళ గురువు. గుండె మీద గుండ్రటి రేకు గుళ్ళు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, గజ్జెలు ఘల్లుమనేలా గెంతుతూ గంగమ్మ కథ పాడతాడు. ఆ కథ మొత్తం వచ్చినవాడు ఇప్పుడు అతనొక్కడే. జట్టులో పాతవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కుర్రాళ్ళు షిఫ్టుల్లో పడ్డారు. ఈమధ్య తవిటయ్యకు ఆయాసం. తనతోపాటు కథ కూడా కాటికి పోతుందేమోనని ఒకటే బెంగ.

అలాంటప్పుడు నీలిమ ఫోన్ చేసింది. పాత కళలు ఏ స్థితిలో ఉన్నాయో చూసి పైవాళ్ళకు చెప్పే ఉద్యోగం ఆమెది. "మీ ఆట ఎంతవరకు బతికుందో చూడాలండీ. దాన్నిబట్టి నేర్పే బడి పెడతారు" అంది.

తవిటయ్య హడలిపోయాడు. "సచ్చిపోతందంటే బడెవులు పెడతారే? ఇన్నాళ్ళూ బాగా ఆడినోళ్ళనే కదా పిలిసినారు!" అన్నాడు భార్య గౌరీశ్వరితో.

"ఉన్నదున్నట్టు సెప్పీ మావా" అందామె.

వింటేగా! పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు ఆటను ముస్తాబు చేశాడు. ఫ్యాక్టరీ కుర్రాళ్ళను బతిమాలి గుళ్ళు కట్టించాడు. వాళ్ళకు గెంతడం వచ్చు, పాట రాదు. అందుకని ఎప్పుడో జాతరలో సెల్లులో పట్టిన వంతపాటను స్పీకరు పెట్టెలోకి ఎక్కించి, గోనెసంచి కింద దాచాడు. అతను చరణం పాడి ఆగగానే గౌరీశ్వరి చాటుగా మీట నొక్కేది. పెట్టె పాడేది, కుర్రాళ్ళు పెదాలు ఆడించేవారు. నీలిమ మురిసిపోతూ వీడియో తీసుకుంది.

వానలు మొదలయ్యాక మళ్ళీ ఫోన్ చేసింది. "శుభవార్తండీ! మీ ఆటకు ప్రమాదమేమీ లేదని చెప్పాను. అంతమంది కుర్రాళ్ళు, అంత గట్టి వంత! బడులు మాత్రం పోయేలా ఉన్న కళలకే పెడుతున్నారు."

తవిటయ్య చతికిలబడ్డాడు. "అమ్మా, ఆ వంత పెట్టిలోదమ్మా. మా అన్న జగ్గయ్య గొంతది, మా బావ అర్జునరావు గొంతది. అందరూ సచ్చిపోనారు. నానొక్కడినే ఉన్నాను."

"అయ్యో, అంతా పైకి వెళ్ళిపోయిందండీ. ఇప్పుడు మార్చమంటే వినరు. కనీసం కథ మొత్తం పాడి నాకు పంపండి" అందామె.

ఆ సాయంత్రమే గుళ్ళు కట్టుకున్నాడు. ఫోన్ ముందు కూర్చుని మొదటి చరణం పాడి ఆగాడు. వంత పూర్తికానిదే గురువు తరువాతి చరణం అందుకోకూడదు. ఊపిరి తీసుకునేదీ ఆ సందులోనే. గౌరీశ్వరి అలవాటుగా మీట నొక్కింది. జగ్గయ్య గొంతు ఖంగుమంది.

"ఒద్దే, ఆపీయే!" తవిటయ్య గుండె మీది రేకును దబదబా బాదుకున్నాడు. "బతికున్నాదనిపించుకోవాలని సచ్చినోళ్ళ సేత పాడించినాను. ఇప్పుడు సచ్చిపోతందంటే ఎవులు నమ్ముతారే?"

రెండో చరణం అతని నోట రాలేదు.