చిన్నగా చెయ్యమన్నారు

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. వయసు ఇరవై రెండు. జగిత్యాల పక్కన ఊరు, సంచిలో ఐటీఐ ఫిట్టరు సర్టిఫికెట్టు, మూతి మీద ఆ సర్టిఫికెట్టుకు తగ్గ మీసం. బహ్రెయిన్ వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. (మా ఊళ్లో మాత్రం నేను ఇప్పటికీ దుబాయిలోనే ఉన్నాను. విమానమెక్కి వెళ్ళే ఎడారి ఏదైనా మా వాళ్లకు దుబాయే.) ముహర్రక్‌లో, విమానాలు నెత్తిమీద నుంచి దిగే చోట, మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ఒక చిన్న వర్క్‌షాపు ఉండేది. గేట్లు, గ్రిల్లులు, షేకుల మజ్లిస్‌లలో, అంటే అతిథులను కూర్చోబెట్టే గదుల్లో, పెట్టుకునే అద్దాల పెట్టెలు, ఇత్తడి సామాను చేసేవాళ్లం. నా కాగితం మీద మాత్రం 'హెల్పర్' అని ఉంది. మూడో నెల పూర్తయ్యాక కఫీల్‌కు పని నచ్చితే ఫిట్టరుగా రాయిస్తాడు, నచ్చకపోతే ఇంటికి పంపిస్తాడు. హెల్పరుగా ఊళ్లో దిగకూడదని నేను విమానంలోనే ఒట్టు పెట్టుకున్నాను. ఏ పని కనబడినా ఎవరూ చెప్పకముందే మీద పడి చేసేవాణ్ణి, చెబితే చెప్పినదానికంటే ఎక్కువ చేసేవాణ్ణి. కథంతా ఆ ఎక్కువ దగ్గరే వచ్చింది.

నాకు పని చెప్పేది ఒంగోలు మేస్త్రీ. అసలు పేరు పాస్‌పోర్టుకే తెలియాలి, మేముండే క్యాంపులో అందరికీ ఆయన ఒంగోలు మేస్త్రీయే. పద్దెనిమిదేళ్లుగా ఆ షాపులోనే ఉన్నాడు. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. ఒక కీలు బిగించడానికి ఆయన పట్టే సమయంలో నేనైతే గేటు మొత్తం నిలబెట్టేస్తానని లోపల అనుకునేవాణ్ణి. (అలా నిలబెట్టిన గేటు ఒకటి తర్వాత ఊడింది, అది వేరే సంగతి.) కఫీల్‌కు డెబ్భై దగ్గర. మేమందరం బాబా అని పిలిచేవాళ్లం. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వచ్చి, మాట్లాడకుండా పనులన్నీ తడిమి చూసి వెళ్ళేవాడు.

ఒకరోజు బాబా ఒక తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. పేలేది కాదు. ఎప్పుడో పోలీసులు లోపలి సామానంతా తీయించి, ముద్ర వేసి, ఇంట్లో అలంకారానికి పెట్టుకోవచ్చని కాగితం ఇచ్చారట. పడుచుతనంలో వేటకు తీసుకెళ్ళిన తుపాకీ, ఇప్పుడు మజ్లిస్ గోడకు ఎక్కించాలని ఆయన కోరిక. దానికి అద్దాల పెట్టె చెయ్యాలి, గొట్టం మీది తుప్పు తీసి మెరిపించాలి. మేస్త్రీ పెట్టె మొదలుపెట్టాడు. రెండు రోజులకు మూడు వైపులా చెక్క అమిరింది, నాలుగో వైపు ఇంకా తెరిచే ఉంది.

మూడో రోజు మేస్త్రీ తన గుర్తింపు కార్డు రెన్యువల్ పని మీద వెళ్ళాడు. షాపులో నేనొక్కణ్ణే. పది గంటలకు ఆయన ఫోను. అటు బస్సుల రొద, ఇటు నా నెత్తిమీద సరిగ్గా అప్పుడే దిగుతున్న విమానం. నాకు వినబడింది ఇంతే: "ఒరే అబ్బాయ్, ఆ తుపాకీ గొట్టం..." తర్వాత విమానం. విమానం పోయాక, "... చిన్నగా చెయ్యి."

సరేనన్నాను. తుపాకీని తీసుకెళ్ళి పెట్టెలో పడుకోబెట్టి చూశాను. గొట్టం జానెడు బయటికి వచ్చింది. నాకు అంతా అర్థమైపోయింది. పెట్టె కొలత తప్పింది, అది ఒప్పుకోవడానికి మేస్త్రీకి మొహమాటం, అందుకే గొట్టం చిన్నగా చెయ్యమంటున్నాడు. పెద్దమనిషి పరువు నా చేతిలో పెట్టాడు, నిలబెట్టాలి. మళ్లీ ఫోను చేసి అడగాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే. అడిగేవాడు హెల్పరు, చేసేవాడు ఫిట్టరు అని నాకు నేనే చెప్పుకుని హ్యాక్సా తీశాను.

ఆ కోత గురించి ఇప్పటికీ గర్వపడొచ్చో లేదో నాకు తెలియదు గాని, కోత మాత్రం వంక పెట్టేది కాదు. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేశాను. తెగిన ముక్క మీద అరబ్బీలో ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. కంపెనీ మార్కు కాబోలు అనుకుని, ముద్దొచ్చి దాన్ని కూడా మెరిపించి పక్కన పెట్టాను. తుపాకీ పెట్టెలో తొట్టెలో బిడ్డలా అమరింది. చేతులు కట్టుకుని దాని ముందర నిలబడి మేస్త్రీ కోసం చూస్తున్నాను, మెప్పు కోసం.

మేస్త్రీ వచ్చాడు. చూశాడు. బోర్లించి ఉన్న పెయింటు డబ్బా మీద కూర్చున్నాడు.

"ఏందిరా ఇది?"

"మీరే గద మేస్త్రీ, గొట్టం చిన్నగ జెయ్యమన్నరు."

"రుద్దేటప్పుడు చిన్నగా చెయ్యమన్నాను రా. చిన్నగా అంటే నిదానంగా. కొయ్యమని కాదురా నాయనా."

మా వైపు నిదానంగా చెయ్యాలంటే మెల్లగ జెయ్యమంటాం. చిన్నగ జెయ్యమంటే పొట్టిగా చెయ్యమనే. ఒంగోలు వైపు చిన్నగా నడుస్తారని, చిన్నగా మాట్లాడతారని, చిన్నగా తింటారని నాకు ఎవరు చెప్పారు? ఇద్దరం తెలుగువాళ్లమే, రెండు నెలలుగా ఒకే కుక్కర్లో అన్నం తింటున్నవాళ్లమే. మేస్త్రీ ముక్క తీసి అక్షరాల మీద బొటనవేలు పెట్టాడు. అది కంపెనీ మార్కు కాదని, బాబా వాళ్ల చనిపోయిన అన్న పేరని, ఈ తుపాకీ ఆయన ఇచ్చిందేనని చెప్పాడు. నాలుగో వైపు ఇంకా జానెడు చెక్క అతికి అప్పుడు మూయాల్సి ఉందని కూడా చెప్పాడు. ఉద్యోగం పోతుందన్న భయం అప్పటికి ఇంకా రాలేదు, ఆ పేరు మీద రంపం పెట్టానన్న సిగ్గే ముందు వచ్చింది.

అసర్ అయ్యేలోగా నేను ఒక నిర్ణయానికి వచ్చాను. దాచేది లేదు, మేస్త్రీ మీదికి నెట్టేది లేదు, చేసింది నేనేనని నిలబడి చెప్పాలి. నాకొచ్చిన హిందీలో ఒక వాక్యం తయారు చేసుకుని, గోడ వైపు తిరిగి పదిసార్లు వల్లించాను. బాబా లోపలికి వచ్చి పెట్టె ముందు ఆగాడు. నేను నోరు తెరిచేలోగానే మేస్త్రీ అన్నాడు: "బాబా, మైనే బోలా థా. చిన్నగా కరో బోలా థా." తానే చెయ్యమన్నానని.

చిన్నగా అంటే ఏంటని బాబా అడిగాడు. మేస్త్రీ రెండు అరచేతులు దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చి చూపించాడు, పొట్టిగా అని. ఆయన నోరు ఒక్క అబద్ధం ఆడలేదు, చేతులే ఆడాయి. పద్దెనిమిదేళ్లలో ఆ షాపులో ఒక్క తప్పుకొలత లేనివాడు, రెండు నెలల హెల్పరు కోసం తన కొలతే తప్పని ఒప్పుకుంటున్నాడు. వల్లించిన వాక్యం ఎటో పోయి, "బాబా, కాటా మైనే. గల్తీ మేరా," అని మాత్రం వచ్చింది, కోసింది నేనే, తప్పు నాదేనని.

బాబా మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముక్క చేతిలోకి తీసుకుని, వేలితో ఆ అక్షరాలు చదువుకున్నాడు. ఆయన అరిచినా బాగుండేది. చివరికి, ఇద్దరూ పిచ్చివాళ్లేనని హిందీలో అని, ముక్క జేబులో వేసుకోబోయాడు. అప్పుడు నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, చెయ్యి చాపి, ఆ ముక్క ఒక వారం ఇవ్వమన్నాను. ఎందుకని అడిగాడు. నాకే తెలియదు. ఆయన నడుస్తూ నడుస్తూ బల్లను పట్టుకోవడం కనిపించి, చేతికర్ర అన్నాను. ముక్క నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారం నేను మరో పని ముట్టుకోలేదు. శుక్రవారం సెలవునాడు మిగతా క్యాంపంతా జల్లాఖ్ సముద్రానికి పోతే నేను షాపులో కర్ర చెక్కుతున్నాను. మొదటి కర్ర పగిలింది. రెండోది వంకర. మూడోది కుదిరింది. దాని పిడి కింద ఆ గొట్టం ముక్కను పట్టీలా బిగించాను, పట్టుకుంటే అన్న పేరు సరిగ్గా బొటనవేలి కిందికి వచ్చేలా. మేస్త్రీ పక్కనే కూర్చుని చాయ్ తాగుతూ, మధ్యమధ్య ఒక్క మాటే అన్నాడు, చిన్నగా అని. ఈసారి ఒంగోలు అర్థంలోనే చేశాను.

బాబా కర్ర తీసుకుని షాపు ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాడు. బొటనవేలు కదిపి చూసుకున్నాడు. బాగుందని అనలేదు. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "యల్లా చిన్నగా, చాయ్ లావ్," అన్నాడు నాతో, ఇక కానీ, టీ తే అని. అంతే, నెల తిరిగేసరికి కాగితం మీద ఫిట్టరు, నోళ్లలో నా పేరు చిన్నగా. (పోలీసు కాగితంలో రాసిన తుపాకీ పొడవు సంగతి ఆయన ఆఫీసుకు వెళ్ళి ఎలా సర్దిచెప్పుకున్నాడో మాకెప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.)

మేస్త్రీ ఊరికి వెళ్ళిపోయి చాలా ఏళ్లయింది. ఆయన బల్ల ఇప్పుడు నాది. మీసంలో తెలుపు వచ్చింది, పనిలో కాస్త నెమ్మది కూడా వచ్చింది. మొన్నామధ్య బాబాకు ఆపరేషన్ అయిందంటే సల్మానియా ఆసుపత్రికి వెళ్ళాను. నడిపించమన్నారట, వరండాలో కర్ర పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నాడు. పట్టీ అరిగి పేరు సగమే కనిపిస్తోంది, ఆయన బొటనవేలికి మిగతాది తెలుసు. తూలబోతే రెక్క పట్టుకుని, "చిన్నగా బాబా, చిన్నగా," అన్నాను.

బాబా టక్కున ఆగాడు. కర్రను రెండు చేతులా గుండెకు హత్తుకుని నా వైపు అనుమానంగా చూశాడు. "ఇస్‌కో భీ కాటేగా క్యా?"

దీన్ని కూడా కోస్తావా అని. ఆ మాటకు అసలు అర్థం ఇన్నేళ్ల తర్వాతైనా చెప్పాలని నోరు తెరిచాను. చెబితే మేస్త్రీ చేతులు ఆడిన అబద్ధం బయటపడుతుంది. పైగా, జగిత్యాల నోటికి ఒంగోలు మాట ఎప్పుడు అలవాటైందో నాకే తెలియలేదు. హ్యాక్సా పట్టుకుని మెప్పు కోసం నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ల మీసం కళ్లముందు కదిలి నవ్వొచ్చింది. కోయనులే బాబా అని మాట ఇచ్చి, ఆయన రెక్క వదలకుండా వరండా చివరిదాకా నడిచాను. ఇద్దరం చాలా చిన్నగా నడిచాం.